ఎర్రగడ్డలు నేలలోనే వదిలేస్తావా అబ్బోడా?

అబ్బోడా,

పలమనేరు చేనులో సగం క్యారెట్, బీట్‌రూట్, మిగతా సగం ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, పెట్టినావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అమెరికా నుంచి వచ్చినోడు పార పట్టినాడని ఊరంతా చెప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు ఒక మాట. రాత్రి కరెంటు వచ్చింది కదా అని ఒక్కడివే మోటారు దగ్గరికి పోవద్దు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు ఎప్పుడు ఎవరి చేలో దిగుతాయో ఎవరికీ తెలియదు. పంట ఎండితే ఎండనీ.

ఇంక అసలు సంగతి. "తొందరేం లేదు, నేలలోనే ఉంచి రేటు వచ్చినప్పుడు పీకుతా, అక్కడ మేము అట్లే చేసేవాళ్ళం" అన్నావంట. ఒరే, అక్కడి చలి వేరు. పైన గడ్డి మందంగా కప్పి వదిలేస్తే మొక్క పెరగడం ఆపేస్తుంది, చలికి క్యారెట్‌లో పిండి చక్కెరవుతుంది, నేలే ఫ్రిజ్ అయిపోతుంది. మన పలమనేరులో డిసెంబర్ పొద్దున ఆకు మీద పడేది ఉత్త మంచు తడి, తొమ్మిదింటికి ఎండకి ఆరిపోతుంది. ఇక్కడ గడ్డ పెరుగుతూనే ఉంటుంది, నడిమి భాగం పీచు పడుతుంది, ఆరిన నేల మీద ఒక్క గట్టి వాన పడితే నిలువునా పగులుతుంది. క్యారెట్ 90, 100 రోజుల మధ్య, బీట్‌రూట్ 60, 70 రోజులకి తీసెయ్. గట్టు మీద ముల్లంగి వేసుంటే 45 రోజులు దాటనీకు, బెండు పడుతుంది. ఆకులు తుంచి నీడలో పెట్టు, అంతే.

ఎర్రగడ్డలతోనే నాకు భయం. 2022 డిసెంబర్ 9 రాత్రి మాండౌస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది చూడు, అప్పటికి మీ నాయన మడిలో సగం ఆకులు వాలిపోయి ఉన్నాయి. ఆకు వాలితే నీళ్ళు ఆపాలి. ఆయనేమో బరువు వస్తుందని ఇంకో తడి పెట్టినాడు. తుపాను వస్తోందని టీవీలో చెప్తుంటే పెరికి కొట్టంలో పరుద్దాం రా అన్నాను. "నేలలో ఉన్న గడ్డకేమవుతుంది, పెరికితేనే కదా తడిసేది" అన్నాడు. మడుల్లో నీళ్ళు నిలిచిపోయినాయి. బురదలోనే పెరికి, ఆరబెట్టకుండా గోనెసంచుల్లో కుక్కి, కొట్టంలో పేర్చి పైన టార్పాలిన్ కప్పినాడు. కొన్నాళ్ళకి వాసన. పైకి గడ్డ ఎర్రగా నున్నగా ఉంది, మెడ దగ్గర బొటనవేలు పెడితే లోపలికి దిగిపోయి నీళ్ళు కారినాయి. కోసి చూస్తే ఒక పొర బాగుంది, దాని కిందిది కుళ్ళి గోధుమరంగు. మీ అమ్మ రాత్రిళ్ళు కూర్చుని ఏరింది, సగం పైన గుంతలో పోసినారు. ఆ వారం నువ్వు ఫోన్ చేస్తే "బాగుండాము నాయనా" అన్నాడు, పక్కనే ఉన్నాను నేను.

కాబట్టి పెరికే ముందు పది రోజులు తడి ఆపు. సగం పైన ఆకులు వాలినాక, వాన లేని రోజు చూసి పెరుకు. ఒక వరుస ఆకు ఇంకో వరుస గడ్డల్ని కప్పేట్టు పరిస్తే ఎండకి మాడవు. మూడు నాలుగు రోజులు అట్లే ఉంచి, తర్వాత గాలి ఆడే నీడలో పల్చగా పరుచు, మెడ కాగితంలా గలగలలాడేదాకా ఓపిక పట్టు, అంగుళం మెడ వదిలి కొయ్యి. తుపాను అంటే మాత్రం పచ్చిగా ఉన్నా పెరికెయ్, తూకం తగ్గితే తగ్గనీ. మెడ లావుగా ఉన్నవి నిలవ ఉండవు, ముందు అమ్ముకో. వలసంచులే కొను. ఉర్లగడ్డల, అదే బంగాళాదుంపల, పక్కన పెట్టొద్దు. కుళ్ళినవి ఆవులకి వెయ్యొద్దు, వాటికి పడవు.

వి.కోట మార్కెట్ రేట్లు రోజూ నాకు పంపకు. ఆకు వాలడం మొదలైన రోజు ఫోటో పెట్టు, బస్సెక్కి వచ్చేస్తా. ఈ లెటర్ మీ నాయనకి చూపించొద్దు, ఇంకా కోపమే ఆ మాటెత్తితే.

మీ పెద్దనాయన