‘మెషిన్ హెడ్’ ఏ ఎడిషన్ కొనాలి? రీఇష్యూలు డబ్బు దండగేనా?

ఇంగ్లండ్ రాక్ బృందం డీప్ పర్పుల్ వాళ్ల 1972 ఆల్బమ్ ‘మెషిన్ హెడ్’కి 1997ది, 2012ది, 2024ది అంటూ ఇన్ని ఎడిషన్లు ఉన్నాయి, ఏది కొనాలి, అసలు ఇదంతా దండగ కాదా అని అడిగారు. దండగ అంటే నేను ఒప్పుకోను. ఒక రీఇష్యూ (అంటే పాత ఆల్బమ్‌ని మళ్లీ వేసిన ఎడిషన్) వల్లే నాకు ఈ ఆల్బమ్ పూర్తిగా దక్కింది. ముందు ఆ సంగతి చెప్పాలి.

1988 సంక్రాంతికి మా బావ బొంబాయి నుంచి వస్తూ ఈ ఆల్బమ్ ఎల్పీ రికార్డు పట్టుకొచ్చాడు. అప్పుడు నేను విజయవాడలో ఇంటర్ చదువుతున్నాను. మా ఇంట్లో రికార్డ్ ప్లేయర్ లేదు, టేప్ రికార్డరే. “పదరా, క్యాసెట్‌లోకి ఎక్కిద్దాం” అని నన్ను స్కూటర్ మీద రికార్డింగ్ షాపుకి తీసుకెళ్లాడు. అప్పట్లో వీధికొకటి ఉండేవి ఆ షాపులు. తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, నాలుగు రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకునేవాళ్లం. బావ ఆ రికార్డుని అంచులు మాత్రమే పట్టుకుని కవర్లోంచి తీసి, దుమ్ము ఊది, షాపాయన చేతిలో పెట్టిన తీరు నాకింకా కళ్ల ముందే ఉంది. పసిపిల్లని అందించినట్టు అందించాడు.

“తొంభై నిమిషాల క్యాసెట్ ఎందుకు సార్, మొత్తం కలిపినా నలభై నిమిషాలు లేదు, సిక్స్‌టీ చాలు” అన్నాడాయన. మాట నిజమే. రికార్డుకి ఒకవైపు నాలుగు పాటలు, రెండోవైపు మూడు. క్యాసెట్ కూడా అలాగే ఎక్కిస్తే హాయిగా సరిపోయేది. ఆయన అలా చెయ్యలేదు. అరగంట పట్టే మొదటి వైపే వరసగా ఎక్కించుకుంటూ పోయి, రెండో వైపు మిగిలిన జాగాలో తన దగ్గరున్న డిస్కో పాటలేవో నింపాడు. దాంతో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అయ్యాక ‘లేజీ’కి మిగిలింది నాలుగు నిమిషాల చిల్లర.

‘లేజీ’ తెలిసినవాళ్లకి నా బాధ ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఏడు నిమిషాల పైచిలుకు పాట అది. మొదట జాన్ లార్డ్ ఆర్గన్ ఒక్కటే గుర్రుమంటుంది. తర్వాత రిచీ బ్లాక్‌మోర్ గిటార్ అందుకుంటుంది. ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు ఎక్కుతూ నాలుగు నిమిషాలు వాయిస్తారు. గాయకుడు ఇయాన్ గిలన్ నోరు తెరిచేది ఆ తర్వాతే. సరిగ్గా అక్కడ నా టేపు ‘టక్’మని ఆగిపోయేది. క్యాసెట్ తిప్పితే ‘స్పేస్ ట్రకిన్’ మొదలు. ఎల్పీ బావతో పాటు బొంబాయి వెళ్లిపోయింది. కాబట్టి ‘లేజీ’లో మాటల్లేవని, అది ఉత్త వాయిద్యాల పాటేనని పదేళ్లు నమ్మాను. ఇంజినీరింగ్ హాస్టల్లో మా రూమ్మేట్ “అందులో పాడతాడురా” అంటే, వందసార్లు విన్నవాణ్ని నాకు చెప్తావా అని వాదించాను. రెండు రోజులు మాటల్లేవు మా మధ్య.

1998లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుండగా, అమెరికా వెళ్లొచ్చిన ఆఫీసు స్నేహితుడితో ఆల్బమ్‌కి ఇరవై అయిదేళ్లయిన సందర్భంగా 1997లో వేసిన రెండు సీడీల సెట్టు తెప్పించుకున్నాను. రాత్రి పదిన్నరకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. ‘లేజీ’ వచ్చింది. నాలుగు నిమిషాలు దాటాయి, టేపు ఆగాల్సిన చోటు దాటింది, గిలన్ గొంతు వచ్చింది. ఆ వెనకే మౌతార్గాన్, అదీ ఆయనే వాయించాడు. ఎప్పుడూ తాళం వేసి ఉండే గది తలుపు తీసినట్టయింది. అదే చోటు మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. తెల్లారగానే రూమ్మేట్‌కి ఫోన్ చేసి “నువ్వే కరెక్టురా” అని చెప్పాను.

ఇక ఎడిషన్ల సంగతి. రీమాస్టర్ అంటే ఉన్న మిక్సునే శుభ్రం చెయ్యడం, పాత ఇంటికి వెల్ల వేయించినట్టు. రీమిక్స్ అంటే విడివిడిగా ఉన్న గొంతునీ వాయిద్యాలనీ మళ్లీ కొత్తగా కలపడం, గోడలు జరిపినట్టు. ఆ 1997 సెట్టులో రెండూ ఉన్నాయి. ఒక డిస్కులో బృందంలోని బేస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ కొత్తగా చేసిన మిక్సులు, ఇంకోదాంట్లో అసలు మిక్సు. గ్లోవర్ చేసినవాటిలో కొన్ని పాటలు చివర్లో ఇంకాస్తసేపు సాగుతాయి. వినడానికి సరదాగానే ఉంటాయి. కానీ మార్టిన్ బర్చ్ ఇంజినీర్‌గా కూర్చుని చేసిన 1972 శబ్దమే ఈ ఆల్బమ్. అది వినకుండా కొత్త మిక్సులతో మొదలుపెట్టడం తప్పు.

ఎందుకంటే ఆ శబ్దం స్టూడియోలో పుట్టింది కాదు. 1971 డిసెంబర్లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రూకి డీప్ పర్పుల్ వాళ్లు వెళ్లింది అక్కడి క్యాసినోలో రికార్డ్ చేసుకుందామని. డిసెంబర్ 4న అందులో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే ఎవరో ఫ్లేర్ గన్ (మంటల గుండు పేల్చే తుపాకీ) పేల్చారు, క్యాసినో మొత్తం కాలిపోయింది. జప్పా బృందం సామాన్లూ పోయాయి. మాంత్రూ జాజ్ ఫెస్టివల్ పెట్టిన క్లోడ్ నోబ్స్ లోపలున్న పిల్లల్ని బయటికి లాగాడు. జెనీవా సరస్సు మీద పరుచుకున్న ఆ పొగే ‘స్మోక్ ఆన్ ద వాటర్’. తర్వాత ఒక థియేటర్‌లో మొదలుపెడితే రాత్రిపూట ఆ మోతకి పోలీసులొచ్చారు. చివరికి చలికాలమని మూసేసిన గ్రాండ్ హోటల్లో, పరుపులు అడ్డం పెట్టుకుని వాయించారు. రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ వ్యాన్ బయట ఉండేది. వాయించింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుని అక్కడిదాకా నడవాలి. ఆ తిరుగుడు పడలేక వినడమే మానేశారు. వాయించి, బాగా వచ్చిందనిపిస్తే ముందుకెళ్లిపోయారు. ఆల్బమ్‌లో ఆ ఊపు ఉండటానికి కారణం అదే. నున్నగా చెయ్యాలని చూస్తే ఆ ఊపు పోతుంది.

గిటార్ క్లాసులకెళ్లే పిల్లలు కూడా ఇది వినాలి. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ ముక్కని) ఒకే తీగ మీద టింగుటింగుమని వాయించి నేర్చేసుకున్నాం అనుకుంటున్నారు. బ్లాక్‌మోర్ రెండేసి తీగలు కలిపి, పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతో లాగాడు. ఆ బరువంతా అక్కడే ఉంది. నేర్పే మాస్టార్లయినా చెప్పాలి కదా!

మ్యూజిక్ యాప్‌ల మీదా నాకు కోపమే. ఒకే ఆల్బమ్ నాలుగుసార్లు కనిపిస్తుంది, ఏది ఏ మిక్సో సరిగ్గా రాయరు. నిన్న విన్న పాట ఇవాళ వేరేలా వినిపిస్తే చెవులదే తప్పనుకోవాలి మనం. సీడీకైతే వెనక అట్ట మీద రాసి ఉంటుంది. నేను డబ్బు పెట్టి కొనేది అందుకే.

2012లో వచ్చిన నలభయ్యేళ్ల సెట్టు నాలుగు సీడీలూ ఒక డీవీడీ. నాలాంటివాళ్లకి తప్ప అంత అవసరం లేదు. 2024ది మాత్రం వేరే కథ. దాని కొత్త మిక్సు చేసింది ద్వీజిల్ జప్పా, అంటే ఫ్రాంక్ జప్పా కొడుకు. క్యాసినో కాలినప్పుడు అతనికి రెండేళ్లు. తన తండ్రి కచేరీ తగలబడిన రాత్రి గురించిన పాటని యాభై ఏళ్ల తర్వాత అతను కూర్చుని మిక్స్ చేశాడు. అది వింటుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అయినా మొదటిసారి వినేవాళ్లకి అది ఇవ్వను.

మీరు 1997 సెట్టు వెతకండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. అసలు మిక్సున్న డిస్కుతోనే మొదలుపెట్టండి. అది దొరక్కపోతే ఏ ఎడిషన్ కొన్నా వెనక అట్ట మీద ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’ ఉందో లేదో చూసుకోండి. మాంత్రూలోనే రికార్డ్ చేసినా, బ్లాక్‌మోర్‌కి నచ్చలేదని ఆల్బమ్‌లోంచి తీసేసి, ‘నెవర్ బిఫోర్’ పాటని విడిగా వేసిన చిన్న రికార్డుకి (సింగిల్‌కి) వెనకవైపు వేసిన పాట అది. మా బావ తెచ్చిన ఎల్పీలో లేదు. కిందటేడు ఆయనకి వినిపిస్తే, “ఇంతకాలం ఇది నాకు తెలియదేంట్రా” అని మళ్లీ పెట్టమన్నాడు.