రెండు యాప్‌లలో రెండు అంకెలు: ఉబ్బసమున్న అమ్మను ఉదయం నడకకు పంపవచ్చా?

విశాఖ గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) ఒక యాప్ 100 అంటోంది, అదే సమయానికి ఇంకొకటి 154 అంటోంది, ఏది నమ్మాలని అడిగారు. గాజువాకలో ఉంటున్న మీ అమ్మగారి తెల్లవారుజాము నడక గురించీ అడిగారు. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా ఉబ్బసం. మేమూ ఈ ఊరి పారిశ్రామిక ప్రాంతానికి దగ్గర్లోనే ఉంటాం కాబట్టి, మా ఇంట్లో పాటిస్తున్నదే చెబుతాను.

రెండు యాప్‌లదీ తప్పు కాదు. కొలబద్దలు వేరు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 కణాలు (2.5 మైక్రాన్ల లోపు సన్నని ధూళి) 60 మైక్రోగ్రాములు ఉంటే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2015 నుంచి వాడుతున్న సూచీలో అది 100. ‘సంతృప్తికరం’ కిందికి వస్తుంది. అమెరికా సూచీలో అదే గాలి 150 దాటి ‘అనారోగ్యకరం’ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటల సగటుకు సూచించిన హద్దయితే 15 మైక్రోగ్రాములే. అందుకే యాప్ తెరవగానే రంగు చూసి ఊరుకోకండి. పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములో చూడండి. ఆ అంకె ఏ యాప్‌లో చూసినా ఒకే కొలత.

మండలి సూచీలో 101 నుంచి 200 వరకు ‘మధ్యస్థం’. అయితే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి ఊపిరి ఇబ్బంది కలగవచ్చని ఆ వర్గం కిందే అధికారికంగా రాసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మీకు 170 పెద్దగా తెలియకపోవచ్చు, అమ్మగారికి అది జాగ్రత్తపడాల్సిన రోజే.

ఇంకో సంగతి. మండలి సూచీలో పీఎం అంకె గత 24 గంటల సగటు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఊరిని శుభ్రం చేసిన గంటలూ, తెల్లవారుజామున పొగ పేరుకున్న గంటలూ అందులో కలిసిపోతాయి. శీతాకాలంలో విశాఖకు ఇది మరీ ముఖ్యం. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పరిశ్రమలు, లారీలు. రాత్రి నేల చల్లబడితే పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది, కింది పొగ పైకి పోదు. ఎండ ఎక్కాక, సముద్రపు గాలి మొదలయ్యాక గానీ అది చెదరదు. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఐదు గంటల నడక వద్దనే అంటాను. ‘తెల్లవారుజాము గాలి స్వచ్ఛం’ అనే నమ్మకం పల్లెలో సరిపోవచ్చు, లారీలు తిరిగే రోడ్డు పక్కన సరిపోదు. మా నాన్నగారు ఆ నెలల్లో తొమ్మిది తర్వాతో సాయంత్రం నాలుగింటికో, పెద్ద రోడ్డుకు దూరంగా లోపలి వీధుల్లో నడుస్తారు. బయలుదేరేముందు సగటు కాకుండా ఆ గంట రీడింగే చూస్తాం. అది కూడా కొలిచే కేంద్రం దగ్గరి గాలి మాత్రమే. మీ వీధి చివర చెత్త తగలబెడుతుంటే దానికి తెలియదు. ఘాటు వాసన వస్తే, అంకె ఏమన్నా సరే, ఇంట్లోకి వచ్చేయాలి.

కిటికీ గట్టు మీద నల్లటి ధూళి పేరుకుంటోందని రాశారు. అలా పేరుకుని కంటికి కనిపించేది ఎక్కువగా ముతక ధూళి, అంటే పీఎం 10 (పది మైక్రాన్ల వరకు ఉండే కణాలు), ఇంకా పెద్దది. దాన్ని పొడి చీపురుతో ఊడిస్తే మళ్లీ గాలిలోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఊపిరితిత్తుల లోలోపలికి వెళ్లేది కంటికి కనిపించని పీఎం 2.5. దానికి చేతిరుమాలు, చీర కొంగు పెద్దగా అడ్డు కావు. మామూలు సర్జికల్ మాస్కుకు పక్కల సందులుంటాయి. ఎన్95 మాస్కే కావాలి, అదీ ముక్కు దగ్గర నొక్కి బిగిస్తేనే. దానితో నడుస్తుంటే ఆయాసం వస్తే మాత్రం నడకే మానాలి, మాస్కుతో బలవంతం చేయకూడదు. వాయువులను ఎన్95 కూడా ఆపదు.

గాలి శుద్ధి యంత్రం కొనే స్తోమత ఉంటే అమ్మగారు పడుకునే గదికి ఒక్కటి చాలు. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గదిలో దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు శుద్ధి కావాలంటే గంటకు 170 ఘనపు మీటర్ల సామర్థ్యం చూసుకోండి. హెపా ఫిల్టర్ (సన్నని కణాలను పట్టే వడపోత) ఉన్నదే కొనండి. ఓజోన్ వదిలే రకాలు ఉబ్బసం రోగి గదిలో అసలు వద్దు.

కొనకముందు ఇంట్లో పొగ ఆపండి. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది దోమల చుట్టలు మానేసి తెర కట్టాకే. పూజకు దీపం చాలనుకున్నాం, అగరుబత్తి లేదు. పోపు వేసేటప్పుడు వంటింటి ఫ్యాను తప్పనిసరి. భోగి మంటలో టైర్లు వేసే వీధయితే ఆ ఉదయం తలుపులన్నీ మూసేయండి.

డాక్టర్ రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను గాలి బాగుందని మానకూడదు. ఆయాసం వచ్చినప్పుడు వాడేది నడకలోనూ వెంట ఉండాలి. అది పీల్చాక కూడా మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.