విమానాలను ఎడంగా ఉంచే ఉద్యోగం మా అమ్మాయికి సరిపడుతుందా?

ప్రశ్న: మాది కావలి, రొయ్యల సాగు చేస్తాను. మా అమ్మాయి బీఎస్సీ రెండో సంవత్సరం, మ్యాథ్స్ మేజర్. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవుతానంటోంది. దిగే విమానాలు ఒకదానికొకటి తగలకుండా చూసే ఉద్యోగమట. చిన్న పొరపాటు జరిగితే వందల ప్రాణాలు పోతాయి. ఆ భారమంతా మా పిల్ల ఒక్కదాని నెత్తిన పడుతుందేమోనని నాకూ వాళ్ల అమ్మకూ భయంగా ఉంది. ఈ దారిలో పంపవచ్చా? చెన్నైలో పోస్టింగ్ వస్తుందా?

జవాబు: ఆ ఉద్యోగం ఎలా సాగుతుందో చూడాలంటే మీ చెరువు గట్టు మీద నిలబడి తలెత్తితే చాలు. 35,000 అడుగుల ఎత్తున వచ్చే విమానం చెన్నైలో దిగాలంటే సుమారు 200 కిలోమీటర్ల ముందు నుంచే ఎత్తు తగ్గించుకుంటూ రావాలి. అంటే ఉత్తరాది నుంచి వచ్చేవి దాదాపు కావలి, నెల్లూరు ప్రాంతంలోనే దిగడం మొదలుపెడతాయన్నమాట. ఏది ముందు దిగాలి, ఎంత ఎత్తు వరకు, ఎంత వేగంతో అన్నది నేల మీద తెర ముందు కూర్చున్న కంట్రోలర్ చెబుతారు.

బయటి నుంచి చూసేవారు ఇది ఆఖరి క్షణంలో ప్రమాదం తప్పించే సాహసం అనుకుంటారు. ఆఖరి క్షణం దాకా వచ్చిందంటే పని చెడినట్టే. నియమం చాలా పొడిగా ఉంటుంది: రెండు విమానాల మధ్య నిలువునా 1,000 అడుగులైనా ఉండాలి, లేదా అడ్డంగా నిర్ణీత దూరమైనా ఉండాలి. రాడార్ ఉన్నచోట ఆ అడ్డం దూరం దూరప్రయాణ మార్గాల్లో సాధారణంగా 5 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలు అంటే 1.85 కిలోమీటర్లు), విమానాశ్రయం దగ్గరలో 3. ముందు వెళ్తున్నది భారీ విమానమైతే దాని రెక్కల వెనక లేచే సుడిగాలి చిన్నవాటిని తిప్పేస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ వదలాలి.

ఒక ఉదాహరణ చెబుతాను, మీ అమ్మాయికి చూపించండి. హైదరాబాద్ నుంచి ఒకటి, కోల్‌కతా నుంచి ఒకటి ఒకే చోటికి ఒకే సమయానికి చేరేలా వస్తున్నాయి. రోడ్డు మీద బస్సును ఆపినట్టు విమానాన్ని ఆపలేం. కంట్రోలర్ ముందే గమనించి ఒకదాని వేగాన్ని గంటకు 20 నాటికల్ మైళ్లు తగ్గించమంటారు. పావుగంటలో వాటి మధ్య 5 నాటికల్ మైళ్ల ఎడం వస్తుంది. లోపల ఎవరికీ కుదుపు కూడా తెలియదు. అంత సమయం లేకపోతే కాస్త పక్కకు తిప్పి చుట్టుదారిన తెస్తారు, అదీ చాలకపోతే ఎత్తున గుండ్రంగా తిరుగుతూ వేచి ఉండమంటారు. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున సముద్రం మీది దారులు కొన్ని మూసేస్తారు కాబట్టి లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి. ఈ లెక్క చూసి మీ అమ్మాయి ముఖం వెలిగిందా, విసుగు పుట్టిందా? నా దృష్టిలో మొదటి పరీక్ష అదే.

ఇక మీ భయం సంగతి. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ఢిల్లీ నుంచి పైకి లేస్తున్న సౌదీ విమానానికి 14,000 అడుగులు, దిగుతున్న కజకిస్థాన్ విమానానికి 15,000 అడుగులు కేటాయించారు. ఎదురుగా ఇంకొకటి వస్తోందని కూడా చెప్పారు. రెండోది ఆ ఎత్తు దాటి కిందికి వచ్చేసింది. అప్పటి ఢిల్లీ రాడార్ తెర మీద విమానం ఎక్కడుందో కనిపించేది తప్ప ఎంత ఎత్తున ఉందో కనిపించేది కాదు. ఆ తర్వాతే ఎత్తు చూపే రాడార్ వచ్చింది, వచ్చే పోయే దారులు వేరయ్యాయి, ఎదుటి విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే టీకాస్ యంత్రం మన దేశంలో తప్పనిసరి అయింది.

ఒక్కరి మీదే భారం వేస్తే ఏమవుతుందో 2002 జులై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్‌లో తెలిసింది. విధుల్లో ఉన్నది ఒక్కడే కంట్రోలర్, చూస్తున్నది రెండు తెరలు. టీకాస్ పైకి వెళ్లమన్న విమానాన్ని ఆయన దిగమన్నాడు, పైలట్ ఆయన మాట విన్నాడు. రెండో విమానం కూడా తన టీకాస్ మాట ప్రకారం దిగుతోంది. రెండూ ఢీకొని 71 మంది పోయారు. ఇప్పుడు నియమం స్పష్టం: టీకాస్ ఆజ్ఞ వస్తే పైలట్ దాన్నే పాటించాలి, కంట్రోలర్ అడ్డు చెప్పకూడదు. డ్యూటీ గంటలకు పరిమితి, మధ్యలో విరామం ఉంటాయి. రాత్రి షిఫ్టులు మాత్రం తప్పవు, వాటికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి.

మన పిల్లలు తడబడేది లెక్కల్లో కాదు, మాటలో. కంట్రోలర్ చెప్పిన ఎత్తును పైలట్ తిరిగి అప్పజెబుతాడు. అందులో ఒక్క అంకె తేడా వచ్చినా పట్టుకోవాలి. రేడియో రొదలో కలిసిపోకుండా తొమ్మిదిని నైనర్ అని, మూడును ట్రీ అని, అయిదును ఫైఫ్ అని పలుకుతారు. ఇంట్లోనే ప్రయత్నించండి: ఆమె వేరే పని చేస్తుండగా ఇంగ్లిషులో ఆరేడు అంకెలు చదివి, మళ్లీ చదివేటప్పుడు ఒకటి మార్చండి. చేతిలో పని ఆపకుండా తప్పు పట్టుకోగలిగితే సంతోషించండి. పట్టుకోలేకపోతే దిగులు పడకండి, సాధనతో చాలావరకు వస్తుంది. డిగ్రీ అయ్యేలోపు తడుముకోకుండా ఇంగ్లిష్ మాట్లాడడం మాత్రం నేర్చుకుని తీరాలి.

అర్హత దగ్గర ఒక మెలిక ఉంది. కంట్రోలర్లను తీసుకునే ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. అందులో ఈ పనికి తీసుకునే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు రెగ్యులర్ బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ ఉండాలి. 2023 నుంచి మన రాష్ట్రంలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది కదా, ఆమె తోడు సబ్జెక్టు (మైనర్) ఫిజిక్సేనా? వెంటనే చూడండి. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. కంప్యూటర్ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు. ఆ తర్వాత స్వర పరీక్ష, మానసిక పరీక్ష, వైద్య పరీక్ష. రంగులు సరిగా గుర్తుపట్టగలదో లేదో ఇప్పుడే కంటి డాక్టరుకు చూపించండి. ఎంపికయ్యాక శిక్షణను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయే ఇస్తుంది. కాబట్టి లక్షలు తీసుకుని ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అనేవారి గుమ్మం తొక్కకండి.

పోస్టింగ్ మన చేతిలో ఉండదు. మీకు దగ్గరివి తిరుపతి, చెన్నై, కానీ మొదటిసారే అక్కడ ఇస్తారన్న హామీ లేదు. గువాహటి ఇచ్చినా వెళ్తానంటేనే దరఖాస్తు చేయమనండి.