సినిమా పేరే ఇంటిపేరైన మన నటులు

షావుకారు జానకి, సాక్షి రంగారావు, ఆహుతి ప్రసాద్ వంటి వారి పేర్ల ముందు సినిమా పేర్లు ఎలా చేరాయి, అవి ఎవరైనా ఇచ్చిన బిరుదులా అని మీరు అడిగారు. అవి ఎవరూ ఇచ్చినవి కావు. ఒక తెలుగు దినపత్రికలో సినిమా పేజీకి చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక, ఆ అనుభవంతో నాకు అర్థమైనంత వివరంగా చెబుతాను. నటరత్న, నటసామ్రాట్ వంటి బిరుదులు నటుడి స్థాయిని చాటడానికి వచ్చాయి. ఈ పేర్లలో ఎక్కువ భాగం మాత్రం ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురిని వేరుచేసి చెప్పుకోవలసిన అవసరంలోంచి పుట్టాయి. పేరుకు ముందు ఇంటిపేరు పలికే మన అలవాటు వాటిని నిలబెట్టింది.

1967 నాటికి పరిశ్రమలోనైనా ప్రేక్షకులలోనైనా రంగారావు అంటే ఎస్.వి. రంగారావు గారే. ఆ సంవత్సరం బాపు గారి తొలి చిత్రం 'సాక్షి'తో రంగవజ్ఝుల రంగారావు గారు తెరకు పరిచయమైనప్పుడు, ఆయనను ఏమని పిలవాలన్న ప్రశ్నకు ఆ సినిమా పేరే జవాబైంది. 1982లో 'శుభలేఖ'లో నటించిన సూరావఝల సుధాకర్ గారిదీ అదే కథ. అప్పటికే తమిళంలో కథానాయకుడిగా పేరు తెచ్చుకుని, ఆ తరువాత తెలుగులో హాస్యనటుడిగా స్థిరపడిన మరో సుధాకర్ ఉన్నారు. 2002లో 'అల్లరి'తో ఈదర నరేష్ వచ్చేసరికి, విజయనిర్మల గారి అబ్బాయి నరేష్ ఎన్నో ఏళ్లుగా ప్రేక్షకులకు తెలిసినవారే. ఇక అడుసుమిల్లి జనార్దన వరప్రసాద్ గారిని వట్టి ప్రసాద్ అని రాస్తే, ఆ పేరుతో పరిశ్రమలో ఉన్న ఎందరిలో ఎవరో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? 1987లో వచ్చిన 'ఆహుతి' ఆ చిక్కు తీర్చింది.

అయితే జానకి గారి విషయంలో ఈ కారణం పూర్తిగా సరిపోదు. శంకరమంచి జానకి గారు కథానాయికగా పరిచయమైన 'షావుకారు' 1950లో, విజయా సంస్థ మొదటి చిత్రంగా, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలో వచ్చింది. గాయని ఎస్. జానకి గారు సినిమాలలో పాడడం మొదలుపెట్టింది 1957లో. డబ్బింగ్ జానకి గారు వచ్చింది ఇంకా తరువాత. అంటే గందరగోళానికి తావు లేని రోజుల్లో వచ్చిన సినిమా అది. తరువాత ఇంకో ఇద్దరు జానకులు ప్రసిద్ధులయ్యాక ఆ పేరు మరింత అవసరమై గట్టిపడింది. ఇందులో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే సంగతి, ఆ పేరు ఆమెతో పాటు తమిళనాడుకు వెళ్లడం. అక్కడ ఆమె ఎన్నో తమిళ చిత్రాలలో గొప్ప పాత్రలు పోషించారు. అయినా 'షావుకారు' అనే తెలుగు సినిమాను ఎన్నడూ చూడనివారు కూడా ఆమెను ఆ సినిమా పేరుతోనే పిలుస్తారు. ఒక భాషలో చేసిన తొలి పాత్ర మరో భాషలో డెబ్బై ఏళ్లకు పైగా గుర్తింపుగా నిలవడం సామాన్యమైన విషయం కాదు.

ఈ వరుసలో అపార్థానికి ఎక్కువగా గురయ్యే పేరు కళ్ళు చిదంబరం గారిది. 2015 అక్టోబరులో ఆయన మరణవార్త మా డెస్క్‌కు వచ్చినప్పుడు, కొత్తగా చేరిన ఒక సహోద్యోగి శీర్షికలో 'కళ్ళు' అన్న మాట తీసేద్దామన్నాడు. ఆయన మెల్లకన్నును గేలి చేస్తూ ఎవరో పెట్టిన పేరనీ, చనిపోయిన మనిషి విషయంలో అలా రాయడం అమర్యాద అనీ అతని భావం. అతని సంస్కారం మెచ్చుకోదగినదే గానీ, అసలు సంగతి వేరు. విశాఖపట్నం రంగస్థలం మీద ఎదిగిన కొల్లూరు చిదంబరం గారికి గుర్తింపు తెచ్చిన సినిమా పేరే 'కళ్ళు'. గొల్లపూడి మారుతీరావు గారి నాటకం ఆధారంగా, ఎం.వి. రఘు గారి దర్శకత్వంలో 1988లో వచ్చిన ఆ చిత్రం గుడ్డి బిచ్చగాళ్ల జీవితాల గురించినది. ఆయన పేరులోని ఆ మాట ఆయన నటనకు దక్కిన గౌరవం. శీర్షికలో దానిని ఉంచాము. ఉంచకపోతే చనిపోయింది ఎవరో చాలామంది పాఠకులు పోల్చుకోలేకపోయేవారు కూడా.

సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు గార్ల పేర్లను కొందరు ఇదే కోవలో చేరుస్తారు గానీ, వారిది సినిమా పేరు కాదు. జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట'లో వారు పండించిన సుత్తి హాస్యం ఇద్దరి పేర్లకూ అంటుకుంది. మామిడిపల్లి వీరభద్రరావు, కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు అంటే ఆ ఇద్దరేనని ఈనాడు ఎంతమందికి తెలుస్తుంది?

పేరుకు ముందున్న ఈ స్థానం సినిమాతో కొత్తగా ఏర్పడింది కాదు. రంగస్థలం వెలిగిన కాలంలో అక్కడ ఊరి పేరో, విద్య పేరో ఉండేది. తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు గారు న్యాయవాదిగా, నటుడిగా స్థిరపడిన ఊరి పేరుతో బళ్ళారి రాఘవ అయ్యారు. రేపల్లె ప్రాంతంలో పుట్టిన నాగయ్య గారు చిత్తూరు నాటక సమాజం వల్ల చిత్తూరు నాగయ్య అయ్యారు. పద్యం మధ్యలో ఈలతో రాగాలు పలికించిన కళ్యాణం రఘురామయ్య గారిని ఈలపాట రఘురామయ్య అనే అందరూ పిలిచారు. ఆ స్థానంలోకే తరువాతి తరంలో సినిమా పేరు వచ్చి కూర్చుంది.

నా మటుకు వీటన్నిటిలో అందమైనది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి పేరు. అంతకుముందు భరణి అనే కలం పేరుతో రాసిన చేంబోలు సీతారామశాస్త్రి గారు 1986లో విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల'కు పాటలు రాశాక, కలం పేరూ ఇంటిపేరూ రెండూ వెనక్కి వెళ్లిపోయాయి. పాట రాసినవాడి పేరు పోస్టరు మీద వెతికి చదివే ప్రేక్షకులు అరుదు. అలాంటిది ఒక కవిని ఆయన పాటలు రాసిన సినిమాతోనే పిలుచుకోవడం తెలుగు శ్రోతలు చేసిన గొప్ప సత్కారమని నేను నమ్ముతాను.

ఈ పద్ధతి ఇప్పటికీ ఆగలేదు. సత్యం రాజేష్, వెన్నెల కిశోర్ ఈ శతాబ్దపు నటులే. నిర్మాతలలో దిల్ రాజు గారి సంగతి మరీ విశేషం: ఆయన అసలు పేరు వెలమకుచ వెంకట రమణారెడ్డి. అందులో 'రాజు' అన్న మాటే లేదు, అది ముద్దుపేరు. దాని ముందున్నది 2003లో ఆయన నిర్మించిన సినిమా పేరు. అంటే లోకానికి తెలిసిన ఆయన పేరులో రికార్డుల్లో ఉన్న అసలు పేరు ఒక్క అక్షరమైనా మిగలలేదన్నమాట. మీరు ఇటువంటి పేర్ల జాబితా తయారుచేసుకుంటుంటే, ప్రతి పేరు పక్కనా అసలు ఇంటిపేరూ, ఆ సినిమా వచ్చిన సంవత్సరమూ తప్పకుండా రాసుకోండి. అప్పటికే అదే పేరుతో పరిశ్రమలో ఎవరున్నారో చూస్తే సగం పేర్లకు కారణం మీకే దొరుకుతుంది.