మా వాడు రెజ్లర్ అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. 2023లో గచ్చిబౌలి స్టేడియంలో జాన్ సీనా వచ్చిన డబ్ల్యూడబ్ల్యూఈ షో చూసిన దగ్గర్నుంచి రెజ్లర్ అవుతానని ఒకటే పట్టు. పరీక్షలయ్యాక జలంధర్‌లో గ్రేట్ ఖలీ అకాడమీకి పంపమంటున్నాడు. అదంతా ఉత్త నాటకంరా అంటే రెండ్రోజులు మాట్లాడడు. చుట్టాల్లో నవ్వులపాలవుతున్నాం. బీటెక్‌నీ దీన్నీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: పోల్చి చెబుతానండీ. ముందు మీతో ఒక మాట. మీరు రాసిన దాంట్లో బాబు ఎత్తెంతో, బరువెంతో, రోజూ కసరత్తు చేస్తాడో లేదో ఒక్క ముక్క లేదు. చుట్టాలు నవ్వడం మాత్రం ఉంది. సినిమాల్లోకి వెళ్తానన్న పిల్లల తల్లిదండ్రులూ, యూట్యూబ్ అన్న పిల్లల తల్లిదండ్రులూ నాకు ఇలాగే రాస్తారు. పిల్లాడు చేజారిపోతున్నాడేమోనని అసలు భయం. మీ వాడు ఎక్కడికీ పోలేదు. చెప్పాపెట్టకుండా రైలెక్కకుండా పంపమని మిమ్మల్నే అడుగుతున్నాడు. ఆ మాత్రం నమ్మకం ఉన్న పిల్లాడి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

గెలిచేదెవరో ముందే రాసి ఉంటుందని మీ వాడికి మీకంటే బాగా తెలుసు. ఇది పోటీ కాదు, వినోదమేనని 1989లోనే ఆ షోలు నడిపే కంపెనీ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఒప్పుకుంది. కాబట్టి నాటకమని ఎత్తిపొడవడం వల్ల వాడికి మీ మీద కోపం పెరగడం తప్ప ఒరిగేదేం లేదు. పైగా కథ రాసిపెట్టిందే అయినా దెబ్బలు నిజమైనవి. రింగు అడుగున ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పలచటి ఫోమ్, ఆపైన కాన్వాస్. శిక్షణలో మొదట పడడం నేర్పిస్తారు. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపంతా ఒకేసారి తగిలేలా వెల్లకిలా పడాలి. మళ్లీ లేవాలి, మళ్లీ పడాలి. తాళ్ల మీదికి పరిగెత్తే సాధనలో పక్కటెముకల మీద చర్మం నల్లగా కమిలిపోతుంది.

ఆ కంపెనీ పెద్ద స్టార్లు స్టీవ్ ఆస్టిన్, రాక్‌ల వైరం 1999, 2001, 2003 రెసిల్‌మేనియాల్లో (అది ఏటా జరిగే వాళ్ల అతి పెద్ద షో) నడిచింది. జనాన్ని టీవీ ముందు కూర్చోబెట్టడంలో వాళ్లు మైకు పట్టుకుని మాట్లాడిన మాటలకు కుస్తీ పట్లంత వాటా ఉంది. ఆస్టిన్ మెడ 1997లోనే ఒక మ్యాచ్‌లో దెబ్బతింది. రాక్‌తో 2003లో ఆడాక 38 ఏళ్లకే రింగు వదిలాడు. 2022లో ఒక్కసారి తిరిగొచ్చాడు, అంతే. మీ వాడికి మెడ మీద శ్రద్ధ ఎంతుందో, నలుగురిలో నిలబడి మాట్లాడడం వచ్చో రాదో ఎప్పుడైనా గమనించారా?

నా అనుమానాలు వేరే. మన పిల్లలు చూసేది ఖలీ 2007లో గెలిచిన చాంపియన్ బెల్టును. అంతకుముందు ఆయన పంజాబ్ పోలీసు ఉద్యోగి అని చూడరు. ఆయన అకాడమీ నుంచి అమెరికా వెళ్లిన కవితా దేవి అప్పటికే 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం గెలిచింది. రెజ్లర్ రింకూ సింగ్ (క్రికెటర్ కాదు) బేస్‌బాల్ నుంచి వచ్చాడు. జిందర్ మహల్ మనవాడే అనుకుంటాం గానీ పుట్టి పెరిగింది కెనడాలో. 2017లో చాంపియన్ అయిన అదే జిందర్‌ను 2024 ఏప్రిల్‌లో కంపెనీ వదిలేసుకుంది, రింకూని కూడా అప్పుడే. అక్కడ రెజ్లర్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. ఏ ఆటా లేకుండా ఇంటర్ అవగానే నేరుగా దీంట్లోకి దూకితే, అది కుదరనప్పుడు నిలబడటానికి చేతిలో ఏమీ ఉండదు. నన్ను భయపెట్టేది ఇదే. ‘అమెరికా పంపిస్తాం’ అని ఫీజు అడిగే అకాడమీ ఏదైనా సరే, ఒక్క రూపాయి కట్టకండి.

బీటెక్‌తో పోలిక అడిగారు. బీటెక్ నాలుగేళ్లయ్యాక పట్టా ఉంటుంది, ఉద్యోగం రావచ్చు. ఇక్కడ పట్టా లేదు, ఆదాయం ఎప్పుడొస్తుందో తెలియదు, శరీరమే పెట్టుబడి. అంతకుమించి పోల్చడానికేం లేదు. అయినా ఎంపీసీ ఎంచుకున్నది వాడా, మీరా? నిజం చెప్పండి. రెండేళ్లు మీ ఇష్టం చదివిన పిల్లాడు ఒక్కటి అడిగితే నవ్వులపాలయ్యామంటారా? ఆ మాట వాడి చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించారా?

డిగ్రీ ఆపొద్దు, అది బీటెక్కే కానక్కర్లేదు. దాంతోపాటే అసలు పోటీ కుస్తీ మొదలుపెట్టించండి. పదిహేడేళ్లకు మొదలుపెట్టి ఒలింపిక్స్ అంటే కష్టం, హర్యానా పిల్లలు చిన్నప్పుడే మ్యాట్ ఎక్కుతారు. కానీ మెడ, నడుము గట్టిపడతాయి, పడడం వస్తుంది, ఓడడం కూడా తెలుస్తుంది. ఆట మీద ప్రేమ నిలిస్తే డిగ్రీ తర్వాత వ్యాయామ టీచర్ కోర్సు బీపీఈడీ ఉంది, పాటియాలాలో కోచింగ్ డిప్లొమా ఉంది. ఆటలో బలపడ్డాక జలంధర్ మాట మళ్లీ ఎత్తనివ్వండి. అప్పటికీ అదే కోరిక ఉంటే ఒకసారి మీరే వెంట వెళ్లి చూడండి, బస, తిండి, దెబ్బ తగిలితే డాక్టర్ ఎవరు అన్నీ అడగండి.

పరీక్షలయ్యాక జిల్లా స్పోర్ట్స్ ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. కుస్తీ కోచ్ ఎక్కడ దొరుకుతారో కనుక్కోండి. అక్కడ మాట్లాడేది మాత్రం వాణ్నే మాట్లాడనివ్వండి.