గ్రామఫోన్ స్ప్రింగు విరిగింది, ఏ సైజు కొనాలి?

ప్రశ్న: మా తాతగారిది సూట్‌కేసులా మడిచే కీ గ్రామఫోన్ ఒకటి ఉంది, మూత లోపల కుక్క బొమ్మ, హెచ్ఎంవి అని ఉంటుంది. పోయిన నెల కీ ఇస్తుంటే లోపల ఠప్‌మని పెద్ద చప్పుడైంది, అప్పట్నుంచి హ్యాండిల్ ఎంత తిప్పినా బిగియట్లేదు, ఊరికే తిరుగుతోంది. అంతకుముందు నుంచే పాట గరగరమంటోంది కూడా. పాత పార్టులు అమ్మే ఒకాయన్ని అడిగితే హెచ్ఎంవి స్ప్రింగు ఉంది, అన్నిటికీ పడుతుంది అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పినదాన్ని బట్టి మెయిన్ స్ప్రింగు, అంటే కీ ఇస్తే చుట్టుకుని మెషీన్‌ని నడిపేది, విరిగినట్టే ఉంది, కానీ అన్ని హెచ్ఎంవిలకీ పట్టే స్ప్రింగు అంటూ లేదు. పోర్టబుల్స్‌లోనే 1925లో వచ్చిన 101 వేరు, 1931లో వచ్చిన 102 వేరు, ఇక బల్ల మీద పెట్టేవి, బీరువాలా నిలబడేవి ఇంకా వేరు, లోపలి మోటార్లు కూడా వేరు వేరు. అందుకని మూత మీద బొమ్మ చూసి పార్టు కొనొద్దు. మోడల్ నంబరు ఎక్కడైనా ఉంటే రాసుకోండి, మోటారు మీద ఏమన్నా అచ్చు ఉంటే అదీ రాసుకోండి, అన్నిటికంటే ముఖ్యం పాత స్ప్రింగు ముక్కలు, వాటిని మాత్రం పారేయకండి.

విప్పే ముందు ఒక మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. స్ప్రింగు విరిగినా అది ఉండే గుండ్రటి డబ్బాలో చుట్టలు ఇంకా బిగుసుకునే ఉంటాయి, ఆ డబ్బా మూత తీయగానే ఎగిరి చేతులు కోసేస్తాయి, కంటికి తగిలితే ఇంకా ప్రమాదం. మందపాటి గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఆ డబ్బా తెరవొద్దు. అలవాటు లేకపోతే పాత గడియారాలు బాగుచేసేవాళ్ల చేతికివ్వండి, వాళ్లకి ఈ పని తెలుసు.

ఇక కొలతలు. పాత గ్రీజు నల్లగా తారులా అంటుకుని ఉంటుంది, కిరోసిన్‌తో తుడిచి వెడల్పు, మందం కాలిపర్‌తో కొలవండి, టేపుతో అస్సలు కాదు. వెడల్పు ఎక్కువైతే డబ్బాలో పట్టదు, కాబట్టి ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది. అసలు చిక్కు మందంతోనే వస్తుంది, ఎందుకంటే స్ప్రింగు బలం మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది, 0.5 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 0.6 వేస్తే కంటికి తేడా తెలియదు గానీ బలం 1.7 రెట్లు అయిపోతుంది, ఆ భారమంతా పాత పళ్లచక్రాల మీదే పడుతుంది. ముక్కలన్నీ వరసగా పేర్చి మొత్తం పొడవు కూడా కొలవండి. పొడుగ్గా ఉంటే ఎక్కువసేపు పాడుతుందిలే అనుకుంటారు చాలామంది, అలా ఏం ఉండదు. డబ్బాలో ఇరుసు పోగా మిగిలిన చోటులో దాదాపు సగం స్ప్రింగు నిండితేనే ఎక్కువ చుట్లు వస్తాయి, మరీ నింపేస్తే చుట్టుకోడానికి జాగా ఉండదు.

ఆ తర్వాత రెండు కొసలు చూడండి. లోపలి కొసకి ఇరుసు కొక్కేనికి తగిలే రంధ్రం ఉంటుంది, బయటి కొసకి గుండ్రటి రంధ్రమో, నీటిబొట్టు ఆకారం రంధ్రమో, మడిచిన కొక్కెమో ఉంటుంది. నేను మొదటిసారి మార్చినప్పుడు వెడల్పు ఒక్కటి కాగితం మీద రాసుకుని ముక్కలు చెత్తలో పడేశాను, కొత్తది వెడల్పు అచ్చంగా సరిపోయింది గానీ లోపలి రంధ్రం కొక్కేనికి ఎక్కలేదు, పాతది ఎలా ఉండేదో చూద్దామంటే చేతిలో ముక్క లేదు. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది, అందుకే ముక్కల గురించి ఇంతలా చెప్తున్నాను. అమ్మేవాళ్లకి ఈ కొలతలు, రెండు కొసల ఫోటోలు పంపండి, అవి చూశాక కూడా "పడుతుంది" అని ఊరికే అనేవాళ్ల దగ్గర కొనకండి.

గరగర విషయానికొస్తే అది స్ప్రింగు వల్ల కాదు, సౌండ్ బాక్స్ వల్ల, అంటే ముల్లు బిగించే గుండ్రటి భాగం. దాని లోపల అదిరి శబ్దం పుట్టించే పలచటి రేకు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం ఏళ్ల తరబడి ఎండిపోయి రాయిలా గట్టిపడుతుంది, గోటితో నొక్కితే దిగదు, దాంతో రేకు అంచు వదులై అదురుతుంది. మెత్తటి కొత్త రబ్బరు వేస్తే చాలావరకు పోతుంది. రేకు మాత్రం ఏ రకం ఉంటే ఆ రకమే వేయండి, హెచ్ఎంవి నంబర్ 4 బాక్సులో మైకా, అంటే అభ్రకం ఉంటుంది, 5ఏలో అల్యూమినియం ఉంటుంది, దీంట్లోది దాంట్లో వేయొద్దు. మైకా పొరలు లేచి తెల్లబడితే మార్చాల్సిందే. బాక్సు వెనక భాగం ఉబ్బి పగుళ్లిచ్చిందంటే అది జింకు కలిసిన పోత లోహం లోపల్నుంచే చెడిపోవడం, జిగురుతో అతకదు, అదే రకం బాక్సు ఇంకోటి వెతుక్కోవాలి. అలాంటి చోట స్క్రూలు బలంగా తిప్పితే ముక్కలైపోతుంది, చాలా మెల్లగా.

అన్నీ బిగించాక రికార్డు అంచు కింద చిన్న కాగితం ముక్క పెట్టి, ముల్లు దించి పాట నడుస్తుండగానే నిమిషంలో ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టండి, 78 రావాలి. వేగం ఊగిసలాడుతుంటే గవర్నర్, అంటే తిరిగే బరువులతో వేగాన్ని అదుపులో ఉంచే భాగం, దాని మీది సన్న స్ప్రింగులు చూడండి, ఒకటి విరిగినా అన్నీ ఒకేసారి మార్చాలి, ఒక్కటే కొత్తది వేస్తే బరువులు సమంగా తిరగవు.

ప్రశ్న: మా దగ్గర సిలిండర్లు పాడే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ఉంది, పాట చదివే భాగం పోయింది. మోడల్ సి, మోడల్ హెచ్ అని రెండు దొరుకుతున్నాయి, ఏది తీసుకోవాలి?

జవాబు: ముందు మీ దగ్గరున్న సిలిండర్లు ఏవో చూడండి. రెండు నిమిషాల సిలిండర్ మీద అంగుళానికి 100 గాళ్లు, 1908లో వచ్చిన నాలుగు నిమిషాల అంబెరోల్ మీద 200. సి రెండు నిమిషాలవాటికి, హెచ్ నాలుగు నిమిషాలవాటికి. అంబెరోల్ మీద సి పెడితే దాని మొన వెడల్పుగా ఉంటుంది కాబట్టి గాళ్లు పాడైపోతాయి. పైగా ముల్లు ఒక్కటి మారిస్తే చాలదు, మెషీన్‌లో నాలుగు నిమిషాల గేర్లు కూడా ఉండాలి, అవి లేకపోతే హెచ్ కొన్నా ఉపయోగం లేదు, సి తీసుకుని రెండు నిమిషాలవే వినండి.

ప్రశ్న: స్టీలు ముల్లు ఎన్నిసార్లు వాడొచ్చు?

జవాబు: రికార్డుకి ఒక్క వైపే. మొన అరిగిపోయేలా తయారుచేసిందే అది, రెండో వైపుకి కూడా అదే పెడితే అరిగిన అంచు గాళ్లని గీకేస్తుంది. ఎల్పీ రికార్డులు మాత్రం కీ గ్రామఫోన్ మీద పెట్టకండి, సౌండ్ బాక్సు బరువుకి ఒక్కసారికే పోతాయి.