బియ్యం బస్తాలో తూటా

అమ్మలూ,

నిన్న పొద్దున పదకొండింటికి, అంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి, మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అది తుపాకీ కొంటదంటనే! నువ్వే దాన్ని చెడగొట్టావు" అని నన్ను పది నిమిషాలు తిట్టింది. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "ఇంతకీ ఎంతవుద్దంట?" అని అడిగింది. అదీ మీ అమ్మ.

దాన్ని తప్పుపట్టలేం. మన ఊళ్ళల్లో తుపాకీ అంటే ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సున్న పెద్దమనుషులు పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునే వస్తువు. నాకూ టెక్సస్ వచ్చేదాకా అంతకు మించి తెలీదు. కానీ రాత్రి పదకొండింటికి షాపు తాళమేసి, గల్లా డబ్బు సంచి చంకలో పెట్టుకుని, లైటు పోయిన పార్కింగులో కారు దాకా నడవడమంటే ఏంటో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళు నడిచాను. వెదర్‌ఫర్డ్ దగ్గర ఆ గ్యాస్ స్టేషన్ మీరు తీసుకున్నారని విన్నప్పుడే అనుకున్నా, ఈ మాట ఒకరోజు వస్తదని. వచ్చింది. రాత్రి నిద్రపట్టలేదు. దానికి తోడు నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉంది, అది మీ అమ్మకి చెప్పకు.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మనవాళ్ళు మునిగేది అక్కడే. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి కొనొచ్చు. షాపులో 4473 అని ఒక ఫారం ఇస్తారు, కార్డు మీదున్న నంబరు వెయ్యాలి, వాళ్ళు నీ వివరాలు అప్పటికప్పుడు తనిఖీ చేయిస్తారు. ప్రతి ప్రశ్నా చదివి టిక్కు పెట్టు. నీ తుపాకీ నీ పేరు మీద, నీ డబ్బుతో నువ్వే కొను. నీ డబ్బిచ్చి అల్లుడి చేత ఫారం నింపించావా, అది నేరం. మీ మరిది హెచ్-1బీ మీద ఉన్నాడుగా, అతని చేతికి ఇవ్వకు. కొనడమే కాదు, ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి గాని ఆ తలనొప్పి మనకెందుకు? "వదినా, ఒక్కసారి షూటింగ్ రేంజిలో కాలుస్తా" అంటాడు, ఫొటో దిగి ఇన్‌స్టాగ్రాంలో పెడతాడు. వద్దను. నీకైనా అంతే, తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డున్నా దేశం దాటించే అధికారం వీళ్ళకుంది. దొంగ కంటే నాకు ఈ భయమే ఎక్కువ.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో ఇరవై ఒకటి నిండినవాళ్ళు పర్మిట్ లేకుండానే చొక్కా కింద పిస్టల్ పెట్టుకోవచ్చు. అయినా నువ్వు ఎల్‌టీసీ తీసుకో, లైసెన్స్ టు క్యారీ అనే పర్మిట్ అది. (మీ బాబాయికి మొదటిసారి చెప్తే, సర్కారు ఉద్యోగులకిచ్చే ప్రయాణఖర్చు అనుకుని సంబరపడ్డాడు.) ఫీజు నలభై డాలర్లు. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, తర్వాత యాభై తూటాల పరీక్ష. మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి కాల్చాలి, 250కి 175 వస్తే పాసు. ఆ క్లాసులో ఎలా కాల్చాలన్నదానికంటే ఎక్కడికి తీసుకుపోకూడదో ఎక్కువ చెప్తారు. ఎర్ర అంకెల్లో 51 అని బోర్డున్న బారు, బడి, కోర్టు, పోలింగ్ బూత్. పోస్టాఫీసుకి ఫెడరల్ రూలు వేరే ఉంది, పార్సిల్ పంపడానికి వెళ్తూ మర్చిపోతావు.

ఇక నువ్వు పంపిన ఫొటో. అరచేతిలో దాగేంత బుల్లి పిస్టల్, 380 సైజు తూటా, రెండొందల చిల్లర, "ముద్దుగా ఉంది కదా పిన్నీ" అని రాశావు. ముద్దుగానే ఉంది. కాల్చి చూడు తెలుస్తది. మూడొందల గ్రాములు కూడా లేని వస్తువు, కాల్చినప్పుడు వచ్చే దెబ్బని ఆపే బరువు దాన్లో లేదు, అదంతా నీ బొటనవేలి మొదట్లోకే వస్తుంది. పిడి మీద రెండు వేళ్ళు పడతాయి, చిటికెనవేలు గాల్లో ఉంటుంది. చిన్నదైతే తేలిక అని ఆడవాళ్ళకి అంటగట్టే మాట ఇది, నాకూ అంటగట్టారు. అలాంటిది కొన్న మనిషి నెలకొకసారి కూడా రేంజికి పోదు, చెయ్యి నొప్పి కదా. పైగా 380 తూటా పొట్టిదే గాని పెట్టె ధర మామూలుగా వాడే 9 ఎంఎం తూటా కంటే ఎక్కువ.

రివాల్వర్ కూడా వద్దు. చూడ్డానికి సులువు, జామవడం తక్కువ, నిజమే. ఐదే తూటాలు. సుత్తి లోపల దాగుండే ఆ తేలిక రకానికి ట్రిగ్గర్ లాగాలంటే ఐదు కిలోల పైచిలుకు బలం కావాలి, కొత్తచేతికి గురి పక్కకి పోతుంది.

నీ బడ్జెట్ ఐదొందలన్నావు. మొత్తం పిస్టల్‌కే పెట్టకు. మంచి హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర), గట్టి బెల్టు, తాళంపెట్టె, క్లాసు, ప్రాక్టీసు తూటాలు, అన్నీ కలిపితే ఇంకో పిస్టల్ అంత అవుతాయి. అందుకే మూడొందల చుట్టుపక్కల దొరికే టారస్ జీ3సీని నేను తీసిపారెయ్యను. పన్నెండు తూటాలు పడతాయి, పిడి నిండుగా ఉంటుంది. మిగిలిన రెండొందలూ వీటికీ తూటాలకీ పెడితే, ఆరొందల పిస్టల్ కొని బీరువాలో పెట్టినదానికంటే నువ్వే బాగా కాలుస్తావు. ఇంకాస్త పెట్టగలిగితే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, లేదా సిగ్ పీ365. 2018లో ఈ సిగ్ వచ్చాకే అంత చిన్నదాన్లో పది తూటాలు పట్టించడం అందరూ మొదలుపెట్టారు. నేను మోసేది గ్లాక్ 43ఎక్స్. పోలీసు డిపార్ట్‌మెంట్లు మార్చేసిన పాత గ్లాక్ 19లు చవగ్గా వస్తాయి, పైన గీతలుంటాయి గాని లోపల గట్టిగానే ఉంటాయి. నీ నడుముకి కొంచెం లావవుతుందేమో.

స్లైడ్, అదే పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం, లాగలేకపోతున్నా అని మెసేజ్ పెట్టావు. ఎడం చేతి రెండు వేళ్ళతో గిల్లినట్టు లాగితే ఎవరికీ రాదు. పిస్టల్‌ని ఛాతీ దగ్గరికి తెచ్చుకో, మూతి మాత్రం ఎదురుగా గోలీలాపే మట్టిదిబ్బ వైపే ఉండాలి. ఎడం చేత్తో పైనుంచి మొత్తం పట్టుకుని కదలనివ్వకుండా, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యి. జంతికల గొట్టం నొక్కడానికి భుజం ఎలా వాడతావో అట్లా. అప్పటికీ రాకపోతే షీల్డ్‌లోనే ఈజీ అని ఇంకో రకం ఉంది, మెత్తని స్ప్రింగు. అది కొంటే చిన్నతనమేం కాదు.

ఇప్పుడొకటి చెప్తా. ఇది మీ అమ్మకి తెలీదు.

2009లో, ఇర్వింగ్ ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నం, షాపు నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ మీద పాత టవల్ పరిచి పిస్టల్ శుభ్రం చేద్దామని కూర్చున్నా. నా మొదటిది అది. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిన రకం. ఖాళీ చెయ్యడానికి రెండే పనులు. మ్యాగజైన్ (పిడిలో తూటాలుండే పెట్టె) తియ్యాలి, తర్వాత స్లైడ్ లాగి చాంబర్లో, అంటే గొట్టం మొదట్లో, ఉన్న తూటాని బయటికి పడెయ్యాలి. ఆ వరసలోనే. అప్పటికి వందసార్లు చేసుంటా. ఆవేళ మీ అమ్మ ఫోన్లో ఉంది, మీ పెద్దమేనత్త కూతురి పెళ్ళిలో ఎవరు ఎవరికి చీర పెట్టలేదో చెప్తోంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని, ముందు స్లైడ్ లాగాను. తూటా ఒకటి ఎగిరి టవల్ మీద పడింది. కళ్ళతో చూశా, "ఆఁ, వచ్చేసింది" అనుకున్నా. తర్వాత మ్యాగజైన్ తీసి పక్కన పెట్టా. రెండు పనులూ అయినై. కానీ స్లైడ్ లాగినప్పుడు మ్యాగజైన్ లోపలే ఉంది కదా, స్లైడ్ మళ్ళీ ముందుకి పోతూ ఇంకో తూటాని చాంబర్లోకి ఎక్కించేసింది. లోపలికి కన్ను పెట్టి చూడలేదు. "ఊఁ, ఊఁ" అంటూనే గోడ వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కాను.

ఇంట్లో పిస్టల్ పేలితే సినిమాలో లాగా ఉండదమ్మా. చప్పుడు చెవిలో కాదు, పళ్ళల్లో వినిపిస్తుంది. తర్వాత ఏమీ వినపడదు. గోడలో వేలు పట్టే రంధ్రం. ఆ గోడ వెనక సామాన్ల గది. ఇక్కడి గోడలంటే అట్టముక్కలే కదా, అటూ ఇటూ అరంగుళం. నేను లేచి వెళ్ళి తలుపు తీశాను. కింది అరలో సోనా మసూరి బస్తాలు రెండు, ఒకదాని వెనక ఒకటి. ముందు బస్తాకి చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి బియ్యం సన్నటి ధారగా నేల మీద పడుతున్నాయి. చెవులు పనిచెయ్యట్లేదు కాబట్టి చప్పుడు లేదు. ఊరికే కారిపోతున్నాయి. మా పాప అంతకు ఐదు నిమిషాల ముందు అదే అర ముందు గొంతుక్కూర్చుని మురుకుల డబ్బా తీసుకుపోయింది.

నేను ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలీదు. మీ బాబాయి వచ్చి నన్ను పక్కకి జరిపి, చిల్లుకి వేలు అడ్డం పెట్టాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ సాయంత్రం హాల్లో దుప్పటి పరిచి రెండు బస్తాలూ గుమ్మరించి వెతికాం. రెండో బస్తాలో దొరికింది, చింతగింజంత, రాగి రంగులో, కొన దగ్గర కొంచెం నలిగి. దానికి సీసం ఉంటుందని బియ్యం మొత్తం పారేశా. ఆ తూటా ఇప్పటికీ నా తాళంపెట్టెలో ఉంది. గోడ రంధ్రం మీద వెంకన్న క్యాలెండర్ తగిలించాడు మీ బాబాయి, ఏటా మార్చేది క్యాలెండరే, రంధ్రం పూడ్చలేదు.

మ్యాగజైన్ ముందు. తర్వాత స్లైడ్. తర్వాత కన్ను, ఆ తర్వాత చిటికెనవేలు పెట్టి తడిమి చూడు. ఫోన్ వేరే గదిలో ఉండాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఆ రోజు మిగతావి నా పుణ్యాన టవల్ పక్కనే ఉన్నాయి.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. లెగ్గింగులకి బెల్టు ఉండదు, చుడీదార్ కింద ఎక్కడ పెట్టను అంటావు, తెలుసు, ఆ కష్టం నేనూ పడ్డా. జీన్స్ కొనుక్కో. 2014 డిసెంబర్లో ఐడహోలో ఒక తల్లి పిల్లాణ్ణి షాపింగ్ బండిలో కూర్చోబెట్టుకుని, తుపాకీ కోసమే ప్రత్యేకంగా అర ఉన్న బ్యాగు పక్కన పెట్టింది. రెండేళ్ళ వాడు జిప్పు తీశాడు. ఆవిడ అక్కడే చనిపోయింది. లైసెన్సు ఉంది, అలవాటూ ఉంది ఆవిడకి. మన బుడ్డోడికి రెండున్నర, నా ఫోన్ లాక్ తీసేశాడు పోయినసారి. పిస్టల్ ఉంటే నీ ఒంటి మీద ఉండాలి, లేదా తాళంపెట్టెలో ఉండాలి. దిండు కింద, సొరుగులో, బీరువా మీద, ఇవేవీ లేవు. అజాగ్రత్తగా పెట్టి పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కనిస్తే టెక్సస్‌లో అదే ఒక నేరం, కానీ నేను చట్టం గురించి చెప్పట్లేదు.

హోల్‌స్టర్ గట్టి ప్లాస్టిక్‌ది, కైడెక్స్ అంటారు, ట్రిగ్గర్ మొత్తం మూసేది కొను. మెత్తటి బట్ట సంచులు వద్దు. మోసే తూటాలు హాలో పాయింట్ (కొన దగ్గర గుంట ఉండేవి), ప్రాక్టీసువి మామూలువి. రెండొందల తూటాలు ఒక్కసారి కూడా జామవకుండా కాల్చాకే ఆ పిస్టల్‌ని నమ్ము.

డబ్బు అడిగితే ఇచ్చెయ్. ఒకడు ఒకసారి నా మొహానికి తుపాకీ పెట్టాడు, నాది నా నడుముకే ఉంది. నూట ఎనభై డాలర్లూ, సిగరెట్ కార్టనూ ఇచ్చి పంపించా. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు.

కొనేముందు శనివారం రా. తొమ్మిదికల్లా ఇర్వింగ్‌లో ఉండు, రేంజిలో అద్దెకిస్తారు, నాలుగు రకాలూ కాల్చి నీ చెయ్యి ఏదంటే అది. మెడ దాకా మూసుకున్న చొక్కా వేసుకో, కాలిన ఇత్తడి గొట్టం జాకెట్లో పడిందంటే గంతులేస్తావు, చేతిలో తుపాకీతో గంతులెయ్యకూడదు. కాళ్ళకి బూట్లు. బుడ్డోణ్ణి మీ బాబాయి చూసుకుంటాడు. తిరిగొచ్చాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే వాణ్ణి ఎత్తుకోనిస్తా.

మీ అమ్మతో నేను మాట్లాడతాలే. నువ్వు కదిలించకు. ఆ రోజు ఫోన్లో "ఏంటే ఆ చప్పుడు" అని అడిగితే, కుక్కర్ పేలిందక్కా అని చెప్పా. అప్పట్నుంచీ అమెరికా ఎవరొస్తున్నా వాళ్ళ పెట్టెలో నాకో కుక్కర్ గాస్కెట్ పంపుతుంది. ఇప్పటికి ఏడు జమయ్యాయి. వచ్చినప్పుడు రెండు పట్టుకెళ్ళు.

మీ పిన్ని